స్కూల్ తర్వాత ఎక్కడికి? ఆటిజం ఉన్న యువత కోసం ఇంగ్లాండ్‌లో డే కాలేజీలు

ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న ఒకటుంది. "మా తర్వాత వీడి గతేంటి?" హైదరాబాద్ పాతబస్తీలో ఉన్నా, లండన్ ఈస్ట్‌హామ్‌లో ఉన్నా ఆ ప్రశ్న మారదు. స్కూల్ నడుస్తున్నంత కాలం అది కాస్త పక్కకు తప్పుకుంటుంది. పొద్దున బస్సు వస్తుంది, పిల్లవాడు వెళ్తాడు, సాయంత్రం తిరిగొస్తాడు, రోజు గడిచిపోతుంది. 18, 19 ఏళ్లకు స్కూల్ ముగిసిన మర్నాడే ఆ ప్రశ్న మళ్లీ గుమ్మంలో నిలబడుతుంది. పిల్లవాడు ఇంట్లో ఖాళీగా కూర్చుంటే అప్పటిదాకా కష్టపడి నేర్చుకున్నవి కూడా మెల్లగా జారిపోతాయి.

ఇంగ్లాండ్‌లో ఈ ఖాళీని పూడ్చడానికి ఉన్న దారుల్లో ఒకటి స్పెషలిస్ట్ డే కాలేజీ. అక్కడ స్థిరపడిన మన తెలుగు, ఉర్దూ కుటుంబాలకు ఇది నేరుగా పనికొచ్చే విషయం. ఇక్కడున్న తల్లిదండ్రులకు కూడా ఆ కాలేజీలు ఏం నేర్పుతాయో, ఎలా నేర్పుతాయో తెలిస్తే ఇంట్లో పనికొస్తుంది.

డే కాలేజీ అంటే ఏమిటి?

16 నుంచి 25 ఏళ్ల మధ్య వయసున్న, మామూలు కాలేజీలో నెట్టుకురాలేని యువతీయువకుల కోసం నడిచే చిన్న కాలేజీ ఇది. హాస్టల్ ఉండదు. విద్యార్థి పొద్దున వెళ్లి సాయంత్రం ఇంటికి వస్తాడు. హాస్టల్ ఉన్న స్పెషలిస్ట్ కాలేజీలు వేరే ఉన్నాయి. తరగతిలో కొద్దిమందే ఉంటారు. టీచర్లతో పాటు సపోర్ట్ వర్కర్లు, స్పీచ్ థెరపిస్టులు, ఆక్యుపేషనల్ థెరపిస్టులు ఒక జట్టుగా పనిచేస్తారు. మాటలు రాని విద్యార్థులు బొమ్మల కార్డులతోనో, టాబ్లెట్ మీద గుర్తులు నొక్కో తమకేం కావాలో చెబుతారు.

లండన్‌లోని అంబిషియస్ కాలేజీ ఇలాంటిదే. ఆటిజం ఉన్న యువత కోసమే పెట్టిన ఈ కాలేజీ టోటెన్‌హామ్‌లో, ఐల్‌వర్త్‌లో మామూలు కాలేజీల ప్రాంగణాల్లోనే తన తరగతులు నడిపింది. అందులో ఒక ఆలోచన ఉంది. పాఠం ప్రశాంతమైన గదిలో జరగాలి, కానీ విద్యార్థి తన ఈడు పిల్లల మధ్యే తిరగాలి, అదే క్యాంటీన్‌లో తినాలి.

ఇక్కడ ఒక మాట దగ్గర జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర 'లెర్నింగ్ డిఫికల్టీ' అనగానే డిస్లెక్సియా లాంటి చదివే, రాసే ఇబ్బందులు గుర్తొస్తాయి. బ్రిటన్ విద్యా వ్యవస్థలో ఆ మాట అర్థం చాలా పెద్దది. తీవ్రమైన మేధో వైకల్యం కూడా అందులోకే వస్తుంది. కాబట్టి కాగితాల మీద ఆ మాట చూసి "మావాడిది ఇది కాదులే" అని పక్కన పెట్టకండి.

అలాగని ఆటిజం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈ కాలేజీ అవసరం లేదు. కొద్దిపాటి సాయంతో మామూలు కాలేజీలో, యూనివర్సిటీలో చదివేవాళ్లు ఎందరో ఉన్నారు. చాలా ఎక్కువ సాయం కావాల్సినవాళ్లకే ఈ దారి.

పాఠాలు ఎలా ఉంటాయి?

ఇక్కడ చదువంటే సర్టిఫికెట్ల వెంట పరుగు కాదు. లెక్కల పాఠం దుకాణంలో జరగొచ్చు. 5 పౌండ్ల నోటు ఇచ్చి పాలు, రొట్టె కొని చిల్లర తీసుకోవడం ఆ రోజు లెక్క. భాష పాఠం అంటే కేఫ్‌లో తనకు కావాల్సింది తానే అడగడం, "వద్దు" అని చెప్పడం, కడుపు నొప్పి వస్తే అది కడుపు నొప్పేనని ఎదుటివాళ్లకు తెలియజేయడం. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, నొప్పి చెప్పలేక తలను గోడకు కొట్టుకునే పిల్లలున్న ఇళ్లకు దాని విలువ తెలుసు.

పాఠ్యక్రమమంతా నాలుగు లక్ష్యాల చుట్టూ తిరుగుతుంది. పని లేదా ఉద్యోగం, సొంతంగా బతకడం, స్నేహాలు, సమాజంలో కలవడం, మంచి ఆరోగ్యం. ఇంగ్లాండ్ ప్రభుత్వ మార్గదర్శకాల్లో వీటిని 'పెద్దవాళ్ల జీవితానికి సిద్ధం కావడం' అనే పేరుతో చెబుతారు.

ప్రయాణం నేర్పడం ఇందులో పెద్ద భాగం. దాన్ని మెట్లు మెట్లుగా చేస్తారు. మొదట ట్రైనర్ పక్కనే నడుస్తారు. తర్వాత బస్సులో రెండు సీట్లు వెనక కూర్చుంటారు. ఇంకొన్నాళ్లకు దిగాల్సిన స్టాప్‌లో ఎదురుచూస్తారు. బస్సు దారి మళ్లిస్తే ఏం చేయాలి, ఫోన్ చార్జింగ్ అయిపోతే ఎవరిని అడగాలి అన్నవి కూడా ముందే సాధన చేయిస్తారు. ఒక్క బస్సు రూటు నేర్చుకోవడానికి నెలలు పట్టొచ్చు. ఆ ఒక్క రూటు వచ్చిందంటే మాత్రం ఆ యువకుడి ప్రపంచం ఇంటి గేటు దాటి పెద్దదవుతుంది.

పని వైపు వెళ్లగలిగిన వాళ్లకు 'సపోర్టెడ్ ఇంటర్న్‌షిప్' ఉంటుంది. కనీసం ఆరు నెలలు, ఎక్కువ సమయం నిజమైన పనిచోటే గడుపుతారు. జీతం ఉండదు, కానీ పక్కన జాబ్ కోచ్ ఉండి పని నేర్పుతారు. పని వచ్చిన కొద్దీ ఆ కోచ్ మెల్లగా తప్పుకుంటారు. ఈ పద్ధతికి బాగా పేరు తెచ్చిన 'ప్రాజెక్ట్ సెర్చ్' 1996లో అమెరికాలోని సిన్సినాటి పిల్లల ఆసుపత్రిలో మొదలైంది. ఇప్పుడు బ్రిటన్‌లో కూడా ఆసుపత్రులు ఇలాంటి ఇంటర్న్‌లను తీసుకుంటున్నాయి. సామాన్లు సర్దడం, వార్డులకు లినెన్ చేర్చడం లాంటి ఒకే క్రమంలో సాగే పనులను ఆటిజం ఉన్న కొందరు చాలా శ్రద్ధగా చేస్తారు.

సాయంత్రం ఇంటికి రావడంలోనే అసలు విషయం

హాస్టల్ లేకపోవడం లోటు కదా అని కొందరికి అనిపిస్తుంది. నిజానికి చాలామంది విద్యార్థులకు అదే బలం. ఆటిజం, మేధో వైకల్యం ఉన్నవాళ్లలో తరచుగా కనిపించే ఇబ్బంది ఒకటుంది. ఒకచోట నేర్చుకున్నది ఇంకోచోట దానంతటదే రాదు. కాలేజీ మైక్రోవేవ్‌లో అన్నం వేడి చేసుకోగలిగిన అమ్మాయి ఇంట్లో వేరే మోడల్ మైక్రోవేవ్ ముందు ఆగిపోవచ్చు. అక్కడ బటన్ పచ్చగా ఉంది, ఇక్కడ లేదు. తనకు అది పూర్తిగా కొత్త వస్తువే.

అందుకే రేపు ఏ ఊళ్లో బతకాలో ఆ ఊళ్లోనే నేర్చుకోవాలి. ఎక్కాల్సింది ఇంటి ముందు నుంచి వెళ్లే బస్సే, వెళ్లాల్సింది వీధి చివరి దుకాణానికే, కలవాల్సింది మన డాక్టర్‌నే. దూరపు హాస్టల్‌లో మూడేళ్లు బాగా నేర్చుకుని వచ్చినా ఇంటికొచ్చాక అన్నీ మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాల్సి రావొచ్చు. డే కాలేజీలో పొద్దున నేర్చుకున్నది సాయంత్రం ఇంట్లో చేసి చూసే వీలుంది.

అయితే దీనికి ఒక షరతుంది. ఇంట్లో చేయనివ్వాలి. మన ఇళ్లలో చిక్కు వచ్చేది ఇక్కడే. ప్రేమ ఎక్కువ. పిల్లవాడు చొక్కా గుండీ పెట్టుకోవడానికి పది నిమిషాలు తీసుకుంటుంటే అమ్మ చూడలేదు, తానే పెట్టేస్తుంది. నానమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుంది. చెల్లెలు నీళ్లు తెచ్చిస్తుంది. "మేమున్నాం కదా, వాడికెందుకు కష్టం" అంటాం. 20 ఏళ్లవాడికి ఇలా అన్నీ చేసి పెడితే కాలేజీలో పగలంతా నేర్పినది రాత్రికి చెరిగిపోతుంది. "మేమున్నాం కదా" అన్న మాట మనం ఉన్నంత వరకే చెల్లుతుంది. మనం లేని రోజు కోసమే కదా ఈ చదువంతా.

కాబట్టి కాలేజీ వాళ్లు ఇంట్లో ఏం చేయించాలో అడిగి తెలుసుకోండి. వాళ్లు వాడే బొమ్మల కార్డులే ఇంట్లోనూ పెట్టండి. ఇంట్లో ఉర్దూ గానీ తెలుగు గానీ మాట్లాడుతుంటే ఆ సంగతి మొదటి రోజే చెప్పండి. పిల్లవాడి కోసం ఇంటి భాష మానేయాల్సిన అవసరం లేదు. అమ్మీ, నానమ్మ మాట్లాడేది వాడికి అర్థం కావాలి, వాడి గుర్తులు వాళ్లకు అర్థం కావాలి. హలాల్ తిండి, వంట క్లాసులో ఏ మాంసం వాడతారు, పండుగ సెలవులు, అమ్మాయికి సొంత పనుల్లో సాయం చేసేది మహిళలేనా లాంటివి అడగడానికి మొహమాటపడొద్దు.

హక్కు ఎక్కడ నుంచి వచ్చింది?

ఇంగ్లాండ్‌లో కూడా ఇదంతా మొదటి నుంచీ లేదు. 1970లో చేసిన చట్టం 1971 ఏప్రిల్‌లో అమలులోకి వచ్చేదాకా, తీవ్రమైన మేధో వైకల్యం ఉన్న పిల్లలను చదువుకు పనికిరారని ముద్రవేసి విద్యాశాఖ బయటే ఉంచారు. ఆ చట్టంతో ప్రతి పిల్లవాడికీ స్కూల్ తలుపు తెరుచుకుంది. 2009లో ఆటిజం మీద ప్రత్యేక చట్టం వచ్చింది. 2014లో వచ్చిన పిల్లలు, కుటుంబాల చట్టం విద్యలో ప్రత్యేక అవసరాలు ఉన్నవాళ్లకు 25 ఏళ్ల వరకు వర్తించే 'ఈహెచ్‌సీ ప్లాన్' తెచ్చింది. విద్య, ఆరోగ్యం, సంరక్షణ మూడింటినీ ఒకే పత్రంలో పెట్టే ప్లాన్ ఇది. డే కాలేజీకి తాళంచెవి మామూలుగా ఈ పత్రమే. ప్లాన్‌లో కాలేజీ పేరు రాస్తే ఆ చదువు ఖర్చు ప్రభుత్వ నిధుల నుంచే వస్తుంది, కుటుంబం ఫీజు కట్టక్కర్లేదు.

ప్లాన్‌లో ఏ నుంచి కే వరకు భాగాలుంటాయి. తల్లిదండ్రులు కళ్లు పెట్టి చదవాల్సినవి మూడు. బీ భాగంలో పిల్లవాడి అవసరాలు ఉంటాయి. ఎఫ్ భాగంలో వాటికి ఇచ్చే సాయం ఉంటుంది. ఐ భాగంలో స్కూల్ లేదా కాలేజీ పేరు ఉంటుంది. ఎఫ్‌లో "అవసరాన్ని బట్టి స్పీచ్ థెరపీ" అని రాస్తే దాన్ని పట్టుకుని అడగడం కష్టం. వారానికి ఎన్నిసార్లు, ఎంతసేపు, ఎవరు ఇస్తారు అన్నది స్పష్టంగా రాయించుకోవాలి.

ప్రభుత్వం ఆమోదించిన స్పెషలిస్ట్ కాలేజీల జాబితా ఉంది. అందులోని కాలేజీని కోరితే కౌన్సిల్ ఊరికే కాదనలేదు. ఆ కాలేజీ విద్యార్థి అవసరాలకు సరిపోదనో, మిగతా విద్యార్థుల చదువుకు ఇబ్బంది అనో, ప్రభుత్వ డబ్బు వృథా అవుతుందనో కారణం చూపాలి. ప్లాన్‌లో పేరు రాశాక ఆ కాలేజీ చేర్చుకుని తీరాలి. జాబితాలో లేనిదాన్ని కూడా అడగొచ్చు, కానీ అప్పుడు పట్టు అంత గట్టిగా ఉండదు.

ఒక అపోహ తొలగించుకోవాలి. 25 ఏళ్ల వరకు అంటే అందరికీ 25 దాకా తప్పనిసరిగా ఇస్తారని కాదు. ప్లాన్ ఇక అవసరం లేదని కౌన్సిల్ భావిస్తే ముందే ఆపేయొచ్చు. ఇంకా ఏం నేర్చుకోవాల్సి ఉంది, ఎందుకు అన్నది ప్రతి ఏటా సమీక్షలో చూపించగలగాలి. ఇంట్లో ఏం చేయగలుగుతున్నాడు, ఎక్కడ ఆగిపోతున్నాడు అన్నది ఒక నోట్‌బుక్‌లో రాసి పెట్టుకుంటే అప్పుడు బాగా పనికొస్తుంది.

14 ఏళ్లకే మొదలుపెట్టాలి

ఇయర్ 9లో, అంటే 13, 14 ఏళ్ల వయసులో జరిగే సమీక్ష నుంచే పెద్దయ్యాక ఏంటన్నది చర్చించాలని నిబంధన. ఆ మీటింగ్‌ను మామూలు తంతుగా వదిలేయకండి. ఇయర్ 10, 11లలో రెండు మూడు కాలేజీలు స్వయంగా వెళ్లి చూడండి, పిల్లవాడిని కూడా తీసుకెళ్లండి. స్కూల్ నుంచి కాలేజీకి మారే సంవత్సరంలో మార్చి 31 లోపు కౌన్సిల్ ప్లాన్‌ను మార్చి కాలేజీ పేరు రాయాలి.

ఇంతవరకు ప్లాన్ లేనివాళ్లు కౌన్సిల్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. అసెస్‌మెంట్ చేయాలా వద్దా అన్నది ఆరు వారాల్లో చెప్పాలి. ప్లాన్ ఇవ్వాలనుకుంటే మొత్తం 20 వారాల్లో పూర్తి చేయాలి. ఆలస్యాలు చాలా జరుగుతుంటాయి, అందుకే ముందుగా కదలాలి. నిర్ణయం నచ్చకపోతే ట్రిబ్యునల్‌కు అప్పీలు చేయొచ్చు, దానికి ఫీజు లేదు. ఉత్తరం వచ్చిన రెండు నెలల్లోగా, లేదా మీడియేషన్ సర్టిఫికెట్ వచ్చిన నెలలోగా, ఏది తర్వాత అయితే అది గడువు. ప్రతి కౌన్సిల్ పరిధిలోనూ ఉచితంగా సలహా ఇచ్చే సేవ ఉంటుంది. దాని పేరు సెండియాస్. ముందు వాళ్లకు ఫోన్ చేయండి. ఈ వ్యవస్థను మార్చాలన్న చర్చ ప్రభుత్వంలో నడుస్తోంది కాబట్టి తాజా నిబంధనలు కూడా వాళ్లనే అడగాలి. ఇవన్నీ ఇంగ్లాండ్ సంగతులు. స్కాట్లాండ్, వేల్స్, ఉత్తర ఐర్లాండ్‌లలో చట్టాలు వేరు.

వీసా మీద ఉన్న కుటుంబాలు ఇంకో రెండు విషయాలు తెలుసుకోవాలి. 'పబ్లిక్ ఫండ్స్ వాడకూడదు' అన్న షరతు ఉంటే పిప్, డీఎల్‌ఏ లాంటి వికలాంగ భత్యాలు తీసుకోకూడదు. స్కూల్ చదువు మాత్రం ఆ జాబితాలో లేదు, కాబట్టి భయపడి పిల్లవాడిని ఇంట్లో కూర్చోబెట్టొద్దు. 16 తర్వాత కాలేజీ నిధులకు నివాస నిబంధనలు ఉంటాయి. ముందే కాలేజీనీ, కౌన్సిల్‌నూ అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

16 దాటాక మాట ఎవరిది?

స్కూల్ చదువు తప్పనిసరి అనే వయసు దాటగానే, అంటే సుమారు 16 ఏళ్లకు, ప్లాన్ మీద హక్కులు తల్లిదండ్రుల నుంచి ఆ యువకుడికే మారతాయి. ఇది మనవాళ్లకు మింగుడుపడదు. "వాడికేం తెలుసు?" అనిపిస్తుంది. 2005 నాటి మెంటల్ కెపాసిటీ చట్టం దీనికి ఉల్టాగా మొదలవుతుంది. నిర్ణయం తీసుకోలేడని తేలేదాకా తీసుకోగలడనే అనుకోవాలి. అర్థమయ్యేలా చెప్పడానికి అన్ని ప్రయత్నాలూ చేయాలి. నిజంగానే ఆ నిర్ణయం తీసుకోలేకపోతే, కాలేజీ, ప్లాన్ విషయాల్లో తల్లిదండ్రులు వాళ్ల తరఫున నిలబడొచ్చు. ఒక విషయంలో తీసుకోలేనంత మాత్రాన అన్నింట్లోనూ అంతే అని కాదు. ఏ కాలేజీ అన్నది తేల్చుకోలేని అమ్మాయి ఏ బట్టలు వేసుకోవాలో స్పష్టంగా చెప్పగలదు.

పెళ్లి సంగతి కూడా చెప్పుకోవాలి. "పెళ్లి చేస్తే చూసుకునే మనిషి ఉంటుంది" అనే మాట మన కుటుంబాల్లో వినబడుతుంది. దాని వెనక ఉన్నది కూడా మా తర్వాత ఎవరు అన్న భయమే. కానీ పెళ్లి అంటే ఏమిటో అర్థం చేసుకుని ఒప్పుకునే శక్తి లేని వ్యక్తికి పెళ్లి చేస్తే, ఎవరూ బలవంతం చేయకపోయినా, ఇంగ్లాండ్‌లో 2014 చట్టం ప్రకారం అది బలవంతపు పెళ్లి నేరం కిందికే వస్తుంది. సంరక్షణ కావాలంటే సంరక్షణ ఏర్పాటే చేయాలి. 18 నిండాక అడల్ట్ సోషల్ కేర్ అసెస్‌మెంట్ అడగొచ్చు, చూసుకునే తల్లిదండ్రులకు కూడా కేరర్‌గా విడిగా అసెస్‌మెంట్ ఉంటుంది.

కాలేజీ చూడటానికి వెళ్తే ఏం అడగాలి?

- ఇక్కడ చదివినవాళ్లు ఇప్పుడు ఏం చేస్తున్నారు? పనిలో ఎందరు, ఇంట్లో ఎందరు?
- వారంలో ఎన్ని రోజులు, ఎన్ని గంటలు? మిగతా రోజుల సంగతేంటి?
- కోపం వచ్చినా, భయపడినా మీ వాళ్లు ఎలా సముదాయిస్తారు? చేతులు పట్టుకుని ఆపాల్సి వస్తే ఇంటికి చెబుతారా?
- థెరపిస్టులు మీ ఉద్యోగులేనా, అప్పుడప్పుడు వచ్చేవాళ్లా?
- రానుపోను ఎలా? 16 తర్వాత రవాణా అందరికీ ఉచితం కాదు, కౌన్సిల్ పాలసీ చూడాలి.
- కాలేజీ అయిపోయాక ఏంటన్నది ఏ సంవత్సరం నుంచి మాట్లాడతారు?

గోడల మీది ఫొటోలు చూసి తృప్తిపడకండి. మొదటి ప్రశ్నకు వచ్చే జవాబే ఆ కాలేజీ ఎలాంటిదో చెబుతుంది.

ఇక్కడ మన దగ్గర?

భారత్‌లో 2016 వికలాంగుల హక్కుల చట్టం 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు ఇచ్చింది. ఉన్నత విద్యా సంస్థల్లో 5 శాతం సీట్ల రిజర్వేషన్ కూడా ఉంది. కానీ డిగ్రీ దాకా వెళ్లలేని పిల్లలకు 18 తర్వాత ఇంగ్లాండ్‌లోలా 25 వరకు సాగే హక్కు లేదు. తేడా అక్కడే ఉంది.

అయినా ఉన్నవాటిని వాడుకోవాలి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984లో మొదలైన జాతీయ సంస్థ, ఇప్పటి పేరు నీపిడ్, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు పరీక్షలు, థెరపీ, వృత్తి శిక్షణ విషయాల్లో దారి చూపుతుంది. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం ఆటిజం, సెరెబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యాలు ఉన్నవాళ్ల కోసం వచ్చింది. ఆ ట్రస్ట్ నిరామయ పథకంలో లక్ష రూపాయల వరకు ఆరోగ్య బీమా ఉంది. 18 నిండినవాళ్లకు చట్టబద్ధ సంరక్షకుడి నియామకం కూడా ఆ చట్టం కింద కలెక్టర్ ఉండే స్థానిక కమిటీ ద్వారా జరుగుతుంది. యూడీఐడీ కార్డు లేకపోతే ముందు అది చేయించండి.

కాలేజీ భవనం లేకపోయినా ఆ కాలేజీ పద్ధతి మన ఇంట్లోకి రాగలదు. ఒక్క పని ఎంచుకోండి, దాన్ని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టండి, రోజూ ఒకే క్రమంలో చేయించండి, వచ్చిన మెట్టు దగ్గర మీ చెయ్యి తీసేయండి. వీధి చివరి కిరాణా దుకాణం దాకా వెళ్లి పాల ప్యాకెట్ తేవడం కావొచ్చు, తన ప్లేటు తాను కడుక్కోవడం కావొచ్చు. దుకాణం భాయ్‌కి ముందే చెప్పి పెట్టండి. ఆరు నెలల్లో ఒక్క పని సొంతంగా వచ్చినా, "మా తర్వాత" అన్న ప్రశ్నలో అంత మేర భారం తగ్గినట్టే.